"ఆటగాడి ఒళ్లు, తట్టుకుంటుంది" అంటున్న మీ ఆయన గురించి

చెల్లెమ్మా, నీకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాణ్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ ప్రశ్న రాత్రే చదివాను. మీ ఆయన అన్నాడని నువ్వు రాసిన మూడు మాటలూ ఒకప్పుడు నా నోట్లోంచి వచ్చినవే, అందుకే వెంటనే రాయలేక పొద్దున్న కూర్చున్నాను.

చదివే మిగతావాళ్ల కోసం నీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీ ఆయనకి 37 ఏళ్లు. వెయిట్‌లిఫ్టింగ్‌లో నేషనల్స్ దాకా వెళ్లాడు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఆట వదిలేసి ఐదేళ్లు. ఇప్పుడు రోజూ రాత్రి ఒక క్వార్టర్, ఆదివారమైతే రెండు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో లివర్ పరీక్ష అంకెలు ఎస్‌జీఓటీ 140, ఎస్‌జీపీటీ 62 వచ్చాయి, రెండూ ఎక్కువే. అడిగితే "ఎక్సర్‌సైజ్ చేసేవాళ్లకి అలాగే వస్తుంది, నాది ఆటగాడి ఒళ్లు, తట్టుకుంటుంది, అయినా ఆటగాళ్లు మామూలోళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారు" అంటున్నాడు. ఈలోగా మీ అత్తగారు ఎవరో ఇచ్చిన పొడి తెచ్చి అతనికి తెలియకుండా పప్పులో కలుపుతున్నారు. ఏం చెయ్యాలి అని అడిగావు.

నేను డాక్టర్ని కాదు. నెల్లిమర్ల దగ్గర పల్లెలో పుట్టి, పదిహేనో ఏట బార్ పట్టుకుని, పద్నాలుగేళ్లు బరువులెత్తి, ఆ తరవాత ఇంచుమించు అన్నేళ్లూ తాగినవాణ్ని. మానేసి పదహారేళ్లయింది. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి లిఫ్టింగ్ నేర్పుతాను. నాతో ఎత్తినవాళ్లలో ముగ్గురిని ఈ తాగుడే తీసుకుపోయింది, ఇంకో ఇద్దరిని నేనే ఆసుపత్రికి పట్టుకెళ్లాను. నాకు తెలిసిందంతా ఆ దారిలో తెలిసిందే.

ముందు ఆ పొడి సంగతి. ఈ పూటే ఆపించు. "తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపవచ్చు" అని గోడల మీదా బస్సుల వెనకా కాగితాలు అంటిస్తారు కదా, అందులో ఏముందో ప్యాకెట్ మీద రాసి ఉండదు. డైసల్ఫిరామ్ అనే బిళ్ల నూరి కలిపి ఉండొచ్చు. అది మంచి మందే, డాక్టర్లు ఇస్తారు, కానీ తాగేవాడికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, లివర్ పరీక్షలు చూసి ఇస్తారు. తాగిన ఆల్కహాల్ లోపలికి వెళ్లాక లివర్ దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చి, తరవాత దాన్ని కూడా విరగ్గొట్టి బయటికి పంపుతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో పనిని ఆపేస్తుంది. విషం పేరుకుంటుంది, ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోతుంది, గుండె బలహీనంగా ఉన్నవాడైతే ప్రాణం మీదికే వస్తుంది. పైగా బిళ్ల ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. లివర్ మీద కూడా దానికి చెడ్డ పేరుంది, మీ ఆయన లివర్ ఇప్పటికే మొర పెట్టుకుంటోంది. అత్తగారి మీద కోప్పడకు, పాపం ఆవిడ కొడుకు కోసమే చేసింది. "ఆసుపత్రిలో సరైన మందు చూసి ఇస్తారత్తయ్యా" అని చెప్పు, వింటుంది.

రెండోది ఇంతకంటే ముఖ్యం. "రేపట్నుంచి చుక్క ముట్టకు" అని ఒట్టు వేయించుకోకు.

2009 కార్తీక మాసంలో నేను అదే చేశాను. దీపం ముందు ఒట్టేసి ఒక్కసారిగా ఆపేశాను. నా ధైర్యమేంటో చెప్తాను, మీ ఆయన ధైర్యం కూడా అదే కాబట్టి. పోటీ ముందు రోజు నీళ్లు ముట్టకుండా, ఉమ్ముతూ, ఎండలో దుప్పటి కప్పుకుని పరిగెత్తి రెండు రోజుల్లో మూడు కేజీలు దించినవాణ్ని నేను. ఒంటికి ఏం చెప్తే అది వినాలి, అదే నా చదువు. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, నిద్ర లేదు. "వెయిట్ దించినప్పుడు ఇంతకంటే కష్టపడ్డాం కదా" అనుకుని ఓర్చుకున్నాను. రెండో రోజు పొద్దున్న నూతి దగ్గర మొహం కడుక్కుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయాను, నాలుక తెగింది. మా చిన్నమ్మాయి చూసింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు.

రోజూ తాగేవాడి మెదడు మందు మత్తుకి ఎదురుగా తనని తాను గట్టిగా ఎగదోసుకుని ఉంటుంది. మందు ఒక్కసారిగా తీసేస్తే ఆ ఎగదోత ఒక్కటే మిగులుతుంది. ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోతుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చూసుకోకపోతే మనిషి పోయే ప్రమాదం ఉంది. అందరికీ రాదు, ఎవరికి వస్తుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. అందుకే డాక్టరు పర్యవేక్షణలో, కొన్ని రోజులు మందులిచ్చి, మెల్లగా దించాలి. ఇంకో మాట, మన ఊళ్లలో నీరసంగా ఉన్నాడంటే చాలు ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించేస్తారు. ఏళ్ల తరబడి తాగి సరిగ్గా తినని ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అలాంటివాడికి ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయినవాళ్లున్నారు. ఎవరైనా సెలైన్ అంటే "ముందు థయమిన్ ఇచ్చారా" అని అడుగు, సిగ్గుపడకు.

ఇక "తట్టుకుంటుంది" అనే మాటకి వద్దాం. నిజమే, తట్టుకుంటుంది. అసలు గొడవంతా అక్కడే ఉంది. క్వార్టర్ తాగి తూలకుండా బండి నడుపుకుంటూ ఇంటికొచ్చే మనిషిని చూసి మనం గట్టివాడు అంటాం, డాక్టరు మాత్రం ఇతని మెదడు మందుకి అలవాటు పడిపోయింది అంటాడు. పెద్ద ఒళ్లు, కండ ఎక్కువ, ఒంట్లో నీరు ఎక్కువ, కాబట్టి మత్తు ఆలస్యంగా తెలుస్తుంది, ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి ఇంకొంచెం పోసుకుంటాడు. కానీ కండలు పెరిగినంత మాత్రాన లివర్ పనితనం రెట్టింపు అవదు. లెక్క చూడు: మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీ మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీల క్వార్టర్‌లో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. లివర్ గంటకి ఏడు నుంచి పది గ్రాములు కరిగిస్తుంది. అంటే రాత్రి పదింటికి ముగించినవాడి లివర్ తెల్లవారేదాకా ఆ ఒక్క పనే చేస్తూ కూర్చుంటుంది, మర్నాడు రాత్రి మళ్లీ మొదలు. పైగా గ్రాముకి ఏడు క్యాలరీలు, రోజుకి నాలుగొందల పైన, చికెన్ పకోడీ కాకుండా. (బీరు మంచిదంటారే, ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీల సీసాలో 40 గ్రాములుంటుంది, రెండు సీసాలు కొడితే క్వార్టర్ దాటేసినట్టే. నాటుసారా అయితే లెక్కే లేదు, ఏ బట్టీలో ఎంత ఘాటో కాచినవాడికే తెలీదు.)

ఆటగాడి చదువులో ఒక చెడ్డ పాఠం ఉంది. నొప్పి వస్తే ఓర్చుకో, అలసట వస్తే ఇంకో సెట్ కొట్టు అని పదేళ్లు నేర్పుతాం. అది పతకాలు తెస్తుంది. తాగుడు దగ్గర మాత్రం ఒళ్లు పంపే ప్రతి హెచ్చరికనీ అలాగే ఓర్చుకుని దాటేస్తాం. మామూలు గుమస్తా అయితే చేతులు వణికిన రోజే భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు.

రిపోర్టు గురించి. మీ ఆయన చెప్పింది సగం నిజం, సగం నిజం కాబట్టే అది ప్రమాదం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌లోనే కాదు కండల్లో కూడా ఉంటాయి, బరువులు గట్టిగా ఎత్తిన వారం రోజుల దాకా పెరిగే ఉండొచ్చు. నేను నేర్పే పిల్లల్లో ఒకడికి పోటీ అయిన మూడో రోజు రక్తం తీస్తే రెండూ పెరిగి ఉన్నాయి, వాడు జన్మలో మందు ముట్టలేదు. తేడా తెలుసుకోవడానికి దారి ఉంది. పది రోజులు బరువులు ముట్టకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించాలి, దాంతోపాటు సీపీకే, జీజీటీ అని రెండు అడగాలి. కండల వల్లయితే ఈ విశ్రాంతితో ఆ అంకెలు దిగుతాయి, ఇంకా దిగకపోతే వాటితోపాటు సీపీకే కూడా పెరిగి ఉంటుంది, జీజీటీ మాత్రం మామూలుగా ఉంటుంది, ఎందుకంటే జీజీటీ కండల్లోంచి రాదు. మందు వల్లయితే జీజీటీ సాధారణంగా పెరుగుతుంది, రక్తపరీక్షలో ఎంసీవీ అనే అంకె (ఎర్ర రక్తకణాల సైజు) కూడా తరచు పెరుగుతుంది. నువ్వు పంపిన అంకెల్లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటింది, మందు లివర్‌లో తరచుగా కనబడే వరస అది. అయినా అయిదేళ్ల కిందట బార్ దింపేసిన మనిషి ఇప్పుడు ఎక్సర్‌సైజ్ పేరు చెప్తే తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంటుంది.

ఇందులో మంచి కబురు కూడా ఉంది, అది అతనికి తప్పకుండా చెప్పు. కొవ్వు పట్టిన దశలో ఉంటే, పూర్తిగా మానేసిన కొన్ని వారాల్లోనే లివర్ చాలావరకు తేరుకుంటుంది. సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడే దశ దాకా వెళ్లాక ఆ మాట అనలేం. ఇప్పుడు ఏ దశలో ఉన్నాడో స్కాన్ చేస్తేగానీ తెలియదు.

ఆటగాళ్లు ఎక్కువ కాలం బతుకుతారన్న మాట ఎక్కడిదో కూడా చెప్తాను, నేనూ దాన్ని చాలా వాడుకున్నాను. ఫిన్లండ్‌లో పాత అంతర్జాతీయ ఆటగాళ్ల ఆయుష్షు లెక్కకట్టి 1993లో వేశారు. దూరం పరుగు, స్కీయింగ్ లాంటి ఓర్పు ఆటలవాళ్లకి సగటున 75.6 ఏళ్లు, జట్టు ఆటలవాళ్లకి 73.9, బరువులు, కుస్తీ లాంటి బలం ఆటలవాళ్లకి 71.5, మామూలు మగవాళ్లకి 69.9. అంటే మన లిఫ్టర్ల వాటా ఏడాదిన్నర పైచిలుకు, అంతే. ఆ ఏడాదిన్నర కూడా అందరికీ రాసిపెట్టిన ఈనాం కాదు, సగటు అది. ఆట మానేశాక కూడా నడుస్తూ, పొగ తాగకుండా, ఒళ్లు అదుపులో పెట్టుకున్నవాళ్లు ఆ సగటుని పైకి లాగుతారు. కుర్రతనంలో చేసిన కసరత్తు గాదెలో పోసిన ధాన్యం కాదు, ముసలితనం దాకా కూర్చుని తినడానికి. ఆపిన కొన్ని నెలల్లోనే చాలావరకు ఖర్చయిపోతుంది.

గుండె విషయంలో ఇదే తిరకాసు ఇంకోలా వస్తుంది. ఎక్కువ కాలం కఠినంగా సాధన చేసినవాడి గుండె కాస్త పెద్దదవుతుంది, అది జబ్బు కాదు. ఎక్కువ కాలం తాగినవాడి గుండె కూడా పెద్దదవుతుంది, అది మాత్రం సాగిపోయి, పంపింగ్ తగ్గి పెద్దదవుతుంది. నా స్నేహితుడు ఒకడు ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో "గుండె సైజు పెరిగింది" అని చూసి "లిఫ్టర్ గుండె కదా" అని నవ్వేసి జేబులో పెట్టుకున్నాడు. కాళ్లు వాచి మెట్లెక్కలేని స్థితికి వచ్చాక మళ్లీ వెళ్లాడు. ఆట వదిలి ఏళ్లయినా గుండె పెద్దదిగానే ఉండి, పంపింగ్ తక్కువుందంటే దాన్ని ఆట మీదికి నెట్టకూడదు. బీపీ పెరగడం, పండగ నాడు బాగా తాగిన మర్నాడు గుండె లయ తప్పి దడ రావడం కూడా ఈ ఖాతాలోవే.

తుంటి నొప్పి ఉందా? నువ్వు రాయలేదు గానీ అడుగు. తొడ ఎముక పైభాగం, బంతిలా ఉంటుందే, దానికి రక్తం అందక మెల్లగా చచ్చి కుంగిపోయే జబ్బు ఒకటుంది, ఏవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. దానికి పెద్ద కారణాలు రెండు, ఒకటి తాగుడు, రెండోది వాపు తగ్గడానికి డాక్టర్లు ఇచ్చే కార్టికోస్టెరాయిడ్లు (కండల కోసం వాడేవి వేరు). గజ్జల్లో నొప్పి వస్తే లిఫ్టర్ ఏమనుకుంటాడు? పాత స్క్వాట్ దెబ్బ అనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని రెండేళ్లు నూనె రాయించుకున్నాను. ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ కనబడదు, ఎమ్మారై తీస్తే తెలుస్తుంది. నాకు కుడి తుంటి మార్చారు, 44 ఏళ్లకి.

నొప్పి బిళ్లలు మరీ చెడ్డవి. ఆటలో ఉన్నప్పటి అలవాటు, మెడికల్ షాపుకెళ్లి డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం. మందూ అదీ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. రోజూ తాగేవాడు పారాసిటమాల్ ఎక్కువ వేసుకుంటే లివర్ మీద ఇంకో దెబ్బ. నిద్ర బిళ్ల వేసి మందు తాగితే నిద్రలోనే ఊపిరి ఆగొచ్చు. మీ అత్తవారు కవిటి వైపు అని రాశావు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు గానీ, అలాంటి చోట నొప్పి బిళ్లలు మింగుతూ, నీళ్లు తక్కువ తాగుతూ, రాత్రి మందుతో ఉన్న కాస్త నీరూ మూత్రంలో పోగొట్టుకోవడం అంటే కోరి తెచ్చుకోవడమే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించు, ఆలస్యం చెయ్యకు.

పెద్దపెద్దవాళ్లకే ఇది తప్పలేదు. 1958, 1962 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులు గెలిచిన బ్రెజిల్ ఆటగాడు గరించా సిర్రోసిస్‌తో 49 ఏళ్లకి పోయాడు. మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడిన జార్జ్ బెస్ట్‌కి 2002లో లివర్ మార్చారు, ఆ తరవాత కూడా తాగాడు, 2005లో 59 ఏళ్లకి పోయాడు. సోక్రటీస్ అని ఇంకో బ్రెజిల్ కెప్టెన్, స్వయంగా డాక్టరు, చదువు కూడా కాపాడలేదు, 57 ఏళ్లకే. బయటపడ్డవాళ్లూ ఉన్నారు, మీ ఆయనకి వీళ్ల కథే చెప్పు. ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1996లో తాగుడుకి బానిసనని పైకి చెప్పి మానేశాడు, 1998లో లీగూ కప్పూ రెండూ ఎత్తాడు, 2000లో తనలాంటి ఆటగాళ్ల కోసం చికిత్సాలయమే పెట్టాడు. ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 2014లో తాగి కారు నడుపుతూ రెండోసారి దొరికాడు, చికిత్స కేంద్రంలో చేరాడు, 2016 రియోలో ఐదు బంగారు పతకాలు గెలిచాడు. మన దగ్గర ఇలా చెప్పుకోవడం తక్కువ. వినోద్ కాంబ్లీ తన తాగుడు గురించి తనే పైకి మాట్లాడాడు, చికిత్సకి సిద్ధమని 2024లో అన్నాడు. ఆ మాట అనడానికి వరసగా రెండు టెస్టుల్లో డబుల్ సెంచరీలు కొట్టినంత గుండె కావాలని నా అభిప్రాయం.

మన వైపు ఇది ఎలా మొదలవుతుందో నీకు తెలిసే ఉంటుంది. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్లిన మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి కంచు తెచ్చింది, కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లింది. బరువులెత్తేవాళ్లంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ విలువ ఉంది. పండగ నాడు సంగిడి రాయి ఎత్తినవాణ్ని కూడా ఊరంతా భుజానికెత్తుకుంటుంది. పందొమ్మిదేళ్ల గుంటడు పతకంతో దిగితే పెద్దమనుషులు దండ వేస్తారు, సాయంత్రం తోటలో సీసా విప్పుతారు. "ఏటి బావూ, అంత బరువెత్తినోడివి, ఒక్క పెగ్గుకే?" నాకు మొదటి పెగ్గు అలాగే పోశారు. పోసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, గౌరవం అనుకున్నారు.

ఆ తరవాత ఆటే దాన్ని దాచిపెడుతుంది. పోటీలకి రెండు నెలల ముందు ఆపేసేవాణ్ని, అయ్యాక పది రోజులు విపరీతంగా తాగేవాణ్ని. "ఎప్పుడంటే అప్పుడు ఆపగలుగుతున్నాను కదా, నాకు అలవాటు లేదు" అని గట్టిగా నమ్మాను. ఆపడానికి కారణం పోటీ. పోటీలు అయిపోయిన ఏడాది నుంచి ఆపడానికి కారణమే లేదు. డోపింగ్ వాళ్లు మూత్రం పట్టుకెళ్తారు గానీ మందు సంగతి ఎవరూ అడగరు, 2018 నుంచి నిషేధిత జాబితాలో ఆల్కహాల్ అసలు లేదు. (తమాషా ఏంటంటే ఒలింపిక్స్‌లో డోపింగ్ కింద మొట్టమొదట అనర్హత పడింది మందుకే, 1968లో మెక్సికోలో స్వీడన్ వాడొకడు పిస్టల్ పోటీకి చెయ్యి వణక్కుండా ఉంటుందని రెండు బీర్లు తాగి దొరికాడు.) కోచ్‌లకీ తెలీదు. ఆస్ట్రేలియాలో 2014లో ఎనిమిది మందితో కసరత్తు చేయించి, తరవాత మందు పోసి చూశారు. ప్రొటీన్ తీసుకున్నా సరే, కొత్త కండ తయారవడం 24 శాతం తగ్గింది, ప్రొటీన్ లేకపోతే 37 శాతం. 80 కేజీల మనిషికి ఆ మోతాదు మన రెండు క్వార్టర్లంత. మనం గెలిచిన రాత్రే రెండు క్వార్టర్లు కొట్టేవాళ్లం, పడ్డ కష్టంలో కొంత అక్కడే పారబోసుకున్నామని ఎవరు చెప్పారు మాకు?

ఆట ఆగినప్పుడు ఏం పోతుందో బయటివాళ్లకి అర్థం కాదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పదిహేనేళ్లు ఒక పని ఉండేది, ఒక్కరోజులో అది లేదు. ఆఫీసులో కుర్చీ ఉంటుంది, పని పెద్దగా ఉండదు, మెచ్చుకోలు అసలు ఉండదు. ఒళ్లంతా పాత దెబ్బలు, నిద్ర పట్టదు. మందు మొదటి గంటలో నిద్రపుచ్చుతుంది, తెల్లవారుజామున మూడింటికి లేపేస్తుంది, అసలైన నిద్రని చెడగొడుతుంది. మీ ఆయన రోజూ మూడింటికి లేచి ఫోన్ చూస్తాడన్నావు, అది అదే.

ఇప్పుడు ఏం చెయ్యాలి. పొద్దున్న పూట మాట్లాడు, తాగిన రాత్రి వద్దు. తాగుబోతు అన్న మాట నీ నోట రానివ్వకు, ఆ మాట వింటే వాదనకి దిగుతాడు, అంకెలు చూపిస్తే లిఫ్టర్ వింటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు తయారుచేసిన ఆడిట్ అని పది ప్రశ్నల పరీక్ష ఉంది, 40 మార్కులు, ఎనిమిదీ ఆపైన వస్తే ప్రమాదం వైపు, ఇరవై ఆపైన వస్తే బానిసత్వం ఉండొచ్చని లెక్క. తనంతట తననే మార్కులు వేసుకోమను. నాకు 27 వచ్చింది. నీ మాట వినకపోతే అతని పాత కోచ్ ఉన్నాడా చూడు. పెళ్లాం మాట దాటే లిఫ్టర్లు చాలామంది ఉన్నారు గానీ కోచ్ మాట దాటేవాడు తక్కువ. కావాలంటే నేనూ మాట్లాడతాను.

మొదట ఫిజీషియన్, తరవాత సైకియాట్రిస్టు. సైకియాట్రిస్టు అంటే పిచ్చి అనుకోవద్దు, తాగుడుకి వైద్యం చదివింది వాళ్లే. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, కేజీహెచ్‌లో విభాగం ఉంది, మన జిల్లా పెద్దాసుపత్రుల్లోనూ అడగండి. ఫోన్‌లో ముందు మాట్లాడాలంటే 14446 వ్యసనాల హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్, రెండూ డబ్బులు లేకుండానే. తాగాలన్న కోరిక తగ్గించే మందులు నాల్ట్రెక్సోన్, ఎకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి, లివర్, కిడ్నీ చూసి ఏది సరిపోతుందో వాళ్లే చెప్తారు. తాళం వేసి ఉంచే, "మూణ్నెల్లు ఫోన్ కూడా ఇవ్వం" అనే ప్రైవేటు కేంద్రాల జోలికి వెళ్లకు. ఒక దాంట్లో నేను పదకొండు రోజులున్నాను, డాక్టరు మొహం చూడలేదు, వచ్చిన రాత్రే తాగాను.

మానేశాక వెంటనే జిమ్‌కి పరిగెత్తుతానంటాడు, నాకు తెలుసు. ఈసీజీ, ఎకో అయి డాక్టరు సరేనన్నాక, ఉత్తి బార్‌తో మొదలుపెట్టమను. నాకు నిజంగా పనికొచ్చింది బరువులు కాదు, ఆ ఐదు నుంచి ఎనిమిది టైమ్ నిండటం. ఆ గంటల్లో పిల్లలకి స్నాచ్ నేర్పుతూ నిలబడతాను, వాళ్లలో సగం మందికి నా సంగతి తెలుసు. జారిపడితే, పడతాడు, నేను రెండుసార్లు పడ్డాను, ఆ రోజు గొడవ పెట్టకుండా మర్నాడు పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పొడి ప్యాకెట్ పారేయకుండా సంచిలో వేసుకో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కలిపారో కాగితం మీద రాసుకో, అతను వేసుకునే నొప్పి బిళ్లల పేర్లు కూడా. ఈ పొడి సంగతి మీ ఆయనకి డాక్టరు ఎదుటే చెప్పండి, ఇంట్లో చెప్తే అత్తగారి మీద పడతాడు. జీజీటీ, సీపీకే వచ్చాక అంకెలు ఇక్కడ రాయి, పేర్లు అక్కర్లేదు.